తరక

గాజు పలక మీద జిగురు పోస్తాను.
పాలీసల్ఫోన్ గింజలు రాత్రంతా ద్రావకంలో కరిగి
ఇప్పుడు తేనెలా సాగుతున్నాయి.
కత్తి అంచు దించి ఒక్క ఊపున లాగుతాను,
ఊపిరి బిగబట్టి.
లాగేటప్పుడు తుమ్మితే
ఆ తుమ్ము పొరలో గీతై మిగిలిపోతుంది.

ఆ వెంటనే పలకను నీళ్ళ తొట్టిలోకి జారవిడుస్తాను.
ద్రావకం బయటికి పోతానంటుంది,
నీరు లోపలికి వస్తానంటుంది,
ఇరుకు గుమ్మంలో ఎదురుపడ్డ ఇద్దరు.
ఆ తోపులాటలో పడ్డవే రంధ్రాలు.
గాజులా ఉన్నది చూస్తుండగానే తెల్లబడుతుంది,
కాచిన పాల మీద తరక కట్టినట్టు.
పదిహేడేళ్ళుగా చూస్తున్నాను.
ఇప్పటికీ ఆ క్షణంలో ఎవరైనా పలకరిస్తే
నాకు ఒళ్ళు మండుతుంది.

నేమన్ నది గడ్డకట్టిన నెలలో
జున్ను కర్మాగారం నుంచి ల్యావోన్ వచ్చాడు,
రెండు క్యాన్ల విరుగుడు తేటతో, బూట్ల నిండా మంచుతో.
"మీ పొర నాలుగు గంటలకే మొండికేసింది.
మొదట ధార, తర్వాత చినుకు, తర్వాత చెమట."
వాడేసిన ముక్కను పాత పేపర్లో చుట్టి తెచ్చాడు,
చచ్చిన చేపను తెచ్చినట్టు.
వాసనా అలాగే ఉంది.

"మీవల్ల కాకపోతే చెప్పండి,
ఎప్పట్లాగే కాలవలోకి వదిలేస్తాం" అన్నాడు.
బెదిరింపు కాదు. అలసట.
ఆ కాలవ ఎక్కడ కలుస్తుందో
మా ఇద్దరికీ తెలుసు.

వేలితో రాస్తే జిడ్డు.
తప్పు తేటది కాదు, మాదే.
మేం చేసిన పొరకు నీళ్ళంటే గిట్టదు.
బొట్టు పెడితే ముడుచుకుని కూర్చుంటుంది,
పడనివాళ్ళింట్లో కుర్చీ అంచున కూర్చున్నట్టు.
నీటిని దూరంపెట్టే ఆ ఇంటికి
మాంసకృత్తులే చుట్టాలు.
వచ్చి అతుక్కుంటాయి, ఒకదాని మీద ఒకటి,
లేవమన్నా లేవవు.

"దీనికి తడి అలవాటు చెయ్యాలి" అంది రగ్‌నేదా,
కిందటేడే చేరిన పిల్ల.
యాక్రిలిక్ ఆమ్లంలో ముంచి, నీలిదీపం కింద పెడితే
పొర ఒంటి మీద నూగు మొలుస్తుంది,
నీటిని పిలిచే నూగు.
దీపం టైమరు పాడై రెండేళ్ళు.
వాళ్ళ వంటింట్లోంచి కోడిపెట్ట గడియారం తెచ్చింది,
గుడ్లు ఉడకబెట్టేది.

మూడు నిమిషాలు: కోడి కూసింది.
బొట్టు కాస్త కాళ్ళు చాపింది.
ఆరు: ఇంకాస్త.
ఆశ అక్కడాగదు కదా.
తొమ్మిది అన్నాడు మా వాత్స్లావ్.
తొమ్మిదికి బొట్టు బొట్టుగానే లేదు,
పడ్డచోటల్లా పరుచుకుంది.
చప్పట్లు కొట్టాం. టీ పెట్టుకున్నాం.

పీడనం ఎక్కించి చూస్తే
కింద గిన్నె పొడి.
ఇంకాస్త ఎక్కించాం. పొడి.
నూగు పెరిగి పెరిగి
గుమ్మాలన్నీ మూసేసింది.
నీటిని అంతగా కావలించుకున్న పొర
నీటిని పోనివ్వదు.
ఈ మాట నోట్‌బుక్‌లో రాయలేదు.
రాసింది: తొమ్మిది నిమిషాలు, ప్రవాహం సున్నా.
ఎదురుగా రగ్‌నేదా ఏదో తలుచుకుని
కోడిపెట్టను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

నాలుగూ పావు దగ్గర తేలింది చివరికి.
లెక్కలు అలాగే చెప్పాయి అంటాడు వాత్స్లావ్.
మేం లెక్క వేసింది తర్వాత.

మార్చిలో ల్యావోన్ ఫోన్ చేశాడు.
పంతొమ్మిది గంటలు నడిచిందట.
కడిగితే మళ్ళీ దాదాపు మొదటి ధారేనట.
కింద దిగిన నీళ్ళు గాజులా ఉన్నాయట.
"రుచి చూశాను" అన్నాడు, గొంతు తగ్గించి,
చెయ్యకూడని పని చేసినవాడిలా.
"ఎలా ఉంది?"
"కొంచెం ఉప్పన. కొంచెం తీపి.
పాలు వెళ్ళిపోయాక పాలకు మిగిలినట్టు."

పన్నెండో రోజు మళ్ళీ చినుకే అని
తర్వాత వారం చెప్పాడు.
సరే అన్నాను.
ఫోన్ పెట్టేసి పలక కడిగాను,
కిటికీలో నేమన్ పెళ్ళలు పెళ్ళలుగా విరుగుతోంటే
మళ్ళీ ఊపిరి బిగబట్టాను.